తెర మీది వింత గీత ఎక్కడ పుడుతుంది? పాత కంప్యూటర్ డిస్‌ప్లే లోపాల విశ్లేషణ

కొన్నేళ్లుగా బాగానే పనిచేస్తున్న ఇంటి కంప్యూటర్ తెర మీద ఒకనాడు ఉన్నట్టుండి రంగు చుక్కలు మొలుస్తాయి. లేదా అక్షరాలు కొన్ని నిలువు పట్టీల్లో మాత్రమే అలుక్కుపోతాయి, తెల్లటి పేజీ ఆకుపచ్చ కలిసిన నీలానికి తిరుగుతుంది, పై నుంచి కింది దాకా ఒక ఎర్ర గీత వచ్చి కూర్చుంటుంది. ఇలాంటివి చూడగానే చాలామందికి తట్టే మొదటి మాట మానిటర్ పోయిందని, రెండో మాట గ్రాఫిక్స్ కార్డు పోయిందని. రెండింటిలో ఏదైనా నిజం కావచ్చు. కానీ పంటి జబ్బు చెవిపోటుగా బయటపడినట్టు, తెర మీద కనిపించే లోపం చాలాసార్లు తెరకు దూరంగా పుట్టి అక్కడికి చేరుతుంది. పాత యంత్రంలో ప్రతి భాగానికీ వయసు మీద పడి ఉంటుంది కనుక అనుమానించదలిస్తే దేన్నైనా అనుమానించవచ్చు. ఆ అనుమానాలను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ రావడానికి మాత్రం ఒకే ప్రశ్న అక్కరకొస్తుంది: బొమ్మ తయారవడమే తప్పుగా తయారవుతోందా, సరిగ్గా తయారై దారిలో చెడుతోందా?

ఆ దారి పెద్దగా చిక్కుగా ఉండదు. ప్రోగ్రాములు గీసినదంతా చివరకు గ్రాఫిక్స్ మెమరీలో ఫ్రేమ్ బఫర్ అనే చోట అంకెల రూపంలో చేరుతుంది. 1024 అడ్డు, 768 నిలువు పిక్సెళ్ల (తెర మీది అతి చిన్న రంగు చుక్కల) తెరకు, ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, ఆ చోటు సరిగ్గా 3 మెగాబైట్లు ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్ సాధారణంగా సెకనుకు 60 సార్లు ఆ 3 మెగాబైట్లను మొదటి నుంచి చివరి దాకా చదివి, కేబుల్‌లోకి పంపుతుంది. కేబుల్ అవతల మానిటర్‌లోని సర్క్యూట్ దాన్ని అందుకుని, ప్యానెల్ (బొమ్మ కనిపించే గాజు పలక) కొలతకు సరిపెట్టి, ప్యానెల్ అంచుల్లోని డ్రైవర్ చిప్‌ల ద్వారా ఒక్కో పిక్సెల్‌కు చేరుస్తుంది. వెనకనుంచి బ్యాక్‌లైట్ వెలుగునిస్తుంది. లోపం ఈ మజిలీలలో ఏదో ఒకచోటే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పట్టుకోకుండానే ఆ మజిలీని చాలావరకు పోల్చుకోవచ్చు.

అన్నిటికన్నా చవకైన పరీక్ష స్క్రీన్‌షాట్. స్క్రీన్‌షాట్ అంటే కంప్యూటర్ తన మెమరీలో ఉన్న బొమ్మను తానే నకలు తీసుకోవడం; అందులో కేబుల్‌కూ మానిటర్‌కూ ఏ ప్రమేయమూ లేదు. తెర మీద చుక్కలు కనిపిస్తున్న సమయంలో ఒక స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోన్‌లోనో మరో కంప్యూటర్‌లోనో తెరిచి చూడాలి. నకలులో చుక్కలు ఉంటే లోపం మెమరీ దాకా, అంటే సాఫ్ట్‌వేర్‌లోనో గ్రాఫిక్స్ చిప్‌లోనో, వీడియో మెమరీలోనో ఉంది. నకలు శుభ్రంగా ఉంటే మెమరీ దాటిన తర్వాత బొమ్మ చెడుతోందన్నమాట. అదే కంప్యూటర్‌లో తెరిచి చూస్తే మోసపోయే ప్రమాదముంది, ఎందుకంటే శుభ్రమైన నకలు మీద కూడా అదే తెర అవే చుక్కలు చల్లుతుంది. మరో యంత్రం అందుబాటులో లేకపోతే ఆ నకలును ఒక విండోలో తెరిచి, ఆ విండోను అటూ ఇటూ లాగి చూడవచ్చు: చుక్కలు బొమ్మతో పాటు కదిలితే అవి బొమ్మలో ఉన్నాయి, గాజు మీద ఒకే చోట అతుక్కుని ఉంటే బొమ్మకు బయట ఉన్నాయి.

ఈ పరీక్షకు కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో మౌస్ బాణం ఆసక్తికరమైనది. చాలా గ్రాఫిక్స్ చిప్‌లు బాణాన్ని ఫ్రేమ్ బఫర్‌లో గీయవు. 32 లేదా 64 పిక్సెళ్ల చిన్న చదరపు బొమ్మగా దాన్ని విడిగా ఉంచుకుని, తెరకు పంపే క్షణంలో మాత్రమే మిగతా బొమ్మ మీద అతికిస్తాయి. అందుకే కొన్ని పాత యంత్రాల్లో తెరంతా బాగానే ఉండి, బాణం మాత్రం గీతల చదరంగా మారిపోవడం, స్క్రీన్‌షాట్‌లో ఆ గీతలు లేకపోవడం జరుగుతుంది. ఇక్కడ నకలు శుభ్రంగా ఉందని మానిటర్‌ను తప్పు పట్టడం పొరపాటు. ఇది ఎక్కువగా డ్రైవర్ లోపం; డ్రైవర్ అంటే గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. విండోస్ ఎక్స్‌పీలో డిస్‌ప్లే సెట్టింగుల లోపల హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనే జారుడు మీట ఉండేది. దాన్ని ఒక్క మెట్టు తగ్గిస్తే బాణాన్ని చిప్ బదులు విండోస్ స్వయంగా గీసేది, చదరం మాయమయ్యేది. దీన్నే తిరగేసి చూస్తే మరో ఆధారం దొరుకుతుంది. తెర మీద అంతా చెల్లాచెదురై, బాణం ఒక్కటి మాత్రం ఏ చోటికి జరిపినా చక్కగా కనిపిస్తే, కేబుల్, మానిటర్ రెండూ నిర్దోషులని దాదాపు తేల్చేయవచ్చు, ఎందుకంటే బాణం కూడా ఆ దారినే వచ్చింది.

రెండో పరీక్ష మానిటర్‌ది. మానిటర్ అంచున ఉండే బటన్ నొక్కితే వచ్చే వెలుతురు, కాంట్రాస్ట్ మెనూను కంప్యూటర్ పంపదు, మానిటర్ తన సర్క్యూట్‌లోనే తయారు చేసుకుంటుంది. చెడిన బొమ్మ మీద ఆ మెనూ తళతళలాడుతూ వస్తే ప్యానెల్ బాగున్నట్టే. మెనూ కూడా అదే గీతతో, అదే రంగు మార్పుతో వస్తే కంప్యూటర్ వైపు చూడటం వృథా. ల్యాప్‌టాప్‌లకు ఈ మెనూ ఉండదు కనుక అక్కడ బయటి మానిటర్ ఒకటి తగిలించి చూడటమే దారి; బయటి తెర బాగుండి, లోపలి తెర మూత వంచినప్పుడల్లా మారుతుంటే, కీలు గుండా వెళ్లే సన్నటి కేబుల్ అరిగిందని అర్థం.

మూడో ఆధారం లోపం మొదలయ్యే సమయం. ఆపరేటింగ్ సిస్టమ్ లేవకముందే, అంటే కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి క్షణాల్లోనే తెర చెడి ఉంటే, విండోస్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడం దండగ. పాత బయోస్ (ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) యంత్రాలు ఈ విషయంలో మనకు ఉదారంగా సాయపడతాయి. అవి మొదటి తెరను టెక్స్ట్ మోడ్‌లో చూపిస్తాయి: 25 వరుసలు, వరుసకు 80 గళ్లు, మొత్తం 2,000 గళ్లు. ప్రతి గడికీ మెమరీలో 2 బైట్లు ఉంటాయి, ఒకటి ఏ అక్షరమో చెబుతుంది, రెండోది దాని రంగు. కనుక వీడియో మెమరీలో ఒక బిట్ (0 గానో 1 గానో ఉండే అతి చిన్న అంకె) మొండికేసి ఎప్పుడూ 1 గానే ఉండిపోతే ఆ తప్పు అక్షరాల్లో చదవదగినంత స్పష్టంగా కనిపిస్తుంది. ఉదాహరణకు 2 విలువ గల బిట్ ఇరుక్కుపోయిందనుకుందాం. ఇంగ్లిషు అక్షరం ‘ఏ’ కోడ్ 65. దానికి 2 కలిసి 67 అవుతుంది, అంటే ‘సీ’. ‘ఈ’ కోడ్ 69; అది 71 అయి ‘జీ’గా కనిపిస్తుంది. ‘బీ’ కోడ్ 66లో ఆ బిట్ ముందే ఉంది కనుక ‘బీ’కి ఏమీ కాదు. ఖాళీ స్థలానికి కూడా 32 అనే కోడ్ ఉంది. అది 34 అయితే జంట కొటేషన్ గుర్తు. దాంతో నల్లగా ఉండాల్సిన తెరంతా కొటేషన్ గుర్తులతో నిండిపోతుంది. చూసినవారు వైరస్ అనుకుని కంగారు పడే దృశ్యమిది. నిజానికి ఇంత సూటిగా తన జబ్బు తానే చెప్పుకునే లోపం మరొకటి లేదు. ఇలాంటి క్రమబద్ధమైన తప్పు, అంటే ప్రతి నాలుగో గడికో ఎనిమిదో గడికో ఒకే రకంగా వచ్చే తప్పు, మెమరీ చిప్‌నో దాని కాళ్లనో వేలెత్తి చూపుతుంది. గ్రాఫిక్ తెర మీద అదే లోపం సమాన దూరాల్లో చిన్న రంగు గళ్లుగా, గీతలుగా కనిపిస్తుంది.

మదర్‌బోర్డులోనే గ్రాఫిక్స్ కలిసి ఉన్న యంత్రాల్లో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వాటికి చాలావరకు సొంత వీడియో మెమరీ ఉండదు. ప్రధాన ర్యామ్‌లోంచే కొంత భాగాన్ని వాడుకుంటాయి. అంటే ర్యామ్ స్టిక్ లోపం తెర మీద గళ్లుగా బయటపడవచ్చు. కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ తీసేసి, ర్యామ్‌ను స్లాట్ నుంచి తీసి, బంగారు పూత అంచును మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టడం చిన్న పనే అయినా చాలా కేసులు అక్కడే ముగుస్తాయి. రెండు స్టిక్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. అనుమానం మిగిలితే మెమ్‌టెస్ట్86+ లాంటి పరీక్షా ప్రోగ్రామ్‌ను ఒక రాత్రంతా నడపవచ్చు.

మెమరీ దాటి కేబుల్ దగ్గరికి వస్తే, కేబుల్ అనలాగ్‌దా డిజిటల్‌దా అన్నదాన్ని బట్టి లోపం రూపమే మారిపోతుంది. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన వీజీఏ అనే అనలాగ్ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు వేర్వేరు తీగల్లో వోల్టేజీలుగా ప్రయాణిస్తాయి. 15 పిన్నుల ప్లగ్‌లో మొదటి మూడు పిన్నులు వాటివే. ఒక పిన్ను వంగినా, తీగ లోపల తెగినా ఒక రంగు పూర్తిగా పోతుంది. అప్పుడు తెల్లటి పేజీ చూస్తే చాలు, పోయిన రంగేదో తెలిసిపోతుంది. ఎరుపు పోతే తెలుపు ఆకుపచ్చ కలిసిన నీలమవుతుంది, ఆకుపచ్చ పోతే ముదురు గులాబీ, నీలం పోతే పసుపు. డీవీఐ, హెచ్‌డీఎంఐ డిజిటల్ కేబుళ్లలో పిక్సెల్ సమాచారం అంకెలుగా వెళ్తుంది, దారిలో తప్పిన అంకెను సరిదిద్దే ఏర్పాటు అక్కడ లేదు. తప్పిన అంకె ఒక్క ఫ్రేమ్ పాటు, అంటే సెకనులో 60వ వంతు కాలం, ఒక మెరుపు చుక్కగా కనిపించి పోతుంది. అలాంటివి వేలల్లో జరిగితే తెర మీద మంచు రాలినట్టుంటుంది; మరీ ఎక్కువైతే మానిటర్ చేతులెత్తేసి నల్లగా మారుతుంది. కనుక హెచ్‌డీఎంఐ కేబుల్ మీద తెరంతా మెత్తగా, నిలకడగా గులాబీ రంగుకు తిరిగితే అది సెట్టింగుల తేడా అయ్యే అవకాశమే ఎక్కువ. వీజీఏ మీద అదే జరిగితే ముందు ప్లగ్ పిన్నులను చూడాలి.

వీజీఏ కేబుల్‌తో ఎల్‌సీడీ మానిటర్ నడుస్తున్నప్పుడు వచ్చే ఒక వింత దోషం మాత్రం ఏ భాగమూ చెడకుండానే వస్తుంది, చాలామందిని కొత్త మానిటర్ కొనిపిస్తుంది కూడా. అక్షరాలు తెరంతా బాగానే ఉండి, ఒకటో రెండో నిలువు పట్టీల్లో మాత్రం మసకబారుతాయి, సన్నగా వణుకుతాయి. కారణమిది: అనలాగ్ తీగలో పిక్సెల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తు ఉండదు. వరుస మొదలైందని చెప్పే సంకేతం మాత్రమే వస్తుంది. ఆ వరుసను ఎన్ని ముక్కలుగా కోయాలో మానిటర్ ఊహించుకోవాలి. 1024 పిక్సెళ్ల వరుసలో, 60 హెర్ట్జ్ దగ్గర, కనిపించని అంచులతో కలిపి 1344 ముక్కలుంటాయి. మానిటర్ పొరపాటున 1345 ముక్కలు కోస్తే, వరుసలో ఒకచోట కోత సరిగ్గా రెండు పిక్సెళ్ల మధ్య అంచు మీద పడుతుంది, అక్కడ ఒక మసక పట్టీ ఏర్పడుతుంది. రెండు ముక్కలు ఎక్కువ కోస్తే సుమారుగా రెండు పట్టీలు. మానిటర్ మీది ఆటో అడ్జస్ట్ బటన్ చేసే పని ఈ లెక్కను మళ్లీ సరిచూసుకోవడమే. నొక్కేటప్పుడు తెర మీద నల్లటి ఖాళీ కాకుండా, అంచుల దాకా సన్నటి అక్షరాలు దట్టంగా ఉన్న పేజీ ఉంటే మానిటర్ ఊహ సరిగ్గా కుదురుతుంది. మెనూలో క్లాక్, ఫేజ్ అని విడివిడిగా ఉంటే పట్టీలు పోయేదాకా క్లాక్‌ను, ఆ తర్వాత వణుకు ఆగేదాకా ఫేజ్‌ను మార్చాలి. ఈ క్రమం తిరగేస్తే పని కుదరదు.

దీనికి దాయాది లాంటి చిక్కు 1366 పిక్సెళ్ల తెరలతో వస్తుంది. పాత వీడియో లెక్కలన్నీ వరుస పొడవు 8తో భాగించబడుతుందని అనుకుని రాసినవి. 1366 అలా భాగించబడదు. అందుకే పాత గ్రాఫిక్స్ చిప్ 1360 మాత్రమే ఇచ్చి బొమ్మను కొద్దిగా మసకబార్చవచ్చు. వరుస పొడవు విషయంలో డ్రైవర్, చిప్ చెరో లెక్క వేసుకుంటే ప్రతి వరుసా పై వరుస కన్నా కొంచెం పక్కకు జరిగి, మొత్తం బొమ్మ ఏటవాలుగా ఒరిగిపోతుంది. ఒరిగిన బొమ్మను చూసి ఏ భాగాన్నీ అనుమానించనక్కరలేదు. అది పూర్తిగా లెక్క తప్పు.

ప్యానెల్ లోపాలకు ఉన్న ముఖ్య లక్షణం కదలకపోవడం. రిజల్యూషన్ మార్చినా, విండోలు జరిపినా, కంప్యూటర్‌ను తిరిగి ఆన్ చేసినా గీత గాజు మీద అదే చోట, అదే వెడల్పుతో ఉంటే అది ప్యానెల్‌దే. ఒకే రంగులో వెంట్రుక సన్నటి నిలువు గీత అంటే ఒక్క నిలువు వరుస ఉప పిక్సెళ్లకు సంకేతం అందడం లేదని అర్థం. ప్రతి పిక్సెల్‌లో మూడు రంగుల ఉప పిక్సెళ్లు పక్కపక్కనే ఉంటాయి కనుక 1366 పిక్సెళ్ల తెరకు 4,098 నిలువు తీగలు కావాలి. అడ్డ తీగలు 768 చాలు. అడ్డ గీతల కన్నా నిలువు గీతలు ఎక్కువగా కనిపించడానికి ఈ లెక్క కూడా ఒక కారణం. ఫ్రేమ్ అంచును వేలితో మెల్లగా నొక్కినప్పుడు గీత వచ్చి పోతుంటే, గాజుకు అతికించిన సన్నటి రిబ్బను ఊడుతోందన్నమాట. దాన్ని ఇంట్లో అతికించడం కుదిరే పని కాదు.

వేడికీ లోపానికీ ఉన్న సంబంధాన్ని గడియారం పెట్టుకుని చూడటం మంచిది. ఆన్ చేసిన పావుగంటకో, ఆట మొదలుపెట్టాకో గళ్లు వస్తే గ్రాఫిక్స్ చిప్ వేడెక్కుతోంది. దుమ్ము పట్టిన ఫ్యాన్‌ను శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్టును మారిస్తే కొంతకాలం ఊపిరి పోసినట్టే. దీనికి విరుద్ధంగా, చల్లగా ఉన్నప్పుడు మిణుకుమిణుకుమంటూ పదిసార్లు ప్రయత్నిస్తే గానీ వెలగని మానిటర్, వేడెక్కాక బుద్ధిగా ఉంటే, దాని పవర్ బోర్డులోని కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించాలి. 1999 తర్వాత కొన్నేళ్ల పాటు నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు ఎన్నో మదర్‌బోర్డుల్లోకీ మానిటర్లలోకీ చేరాయి. ఆ కాలపు యంత్రం తెరిస్తే, చదునుగా ఉండాల్సిన వాటి తలలు ఉబ్బి, గోధుమరంగు మరక కారి కనిపించడం మామూలే. తెర వెలిగిన రెండు సెకన్లకే నల్లబడితే, చీకటి గదిలో టార్చి వెలుగును ఏటవాలుగా తెర మీద వేసి చూడాలి. లీలగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్ పనిచేస్తోంది, బ్యాక్‌లైట్ దీపమో దానికి కరెంటిచ్చే ఇన్వర్టరో ఆగిపోయింది.

సాఫ్ట్‌వేర్ వైపు తేల్చుకోవడం సులువు, అందుకే దీన్ని క్లుప్తంగా ముగించవచ్చు. సేఫ్ మోడ్‌లో విండోస్ తయారీదారు డ్రైవర్‌ను పక్కనపెట్టి, ఏ కార్డుకైనా పనికొచ్చే మామూలు డ్రైవర్‌తో నడుస్తుంది. అక్కడ లోపం లేకపోతే డ్రైవర్‌ను, లేదా ఆ డ్రైవర్ మాత్రమే పని కల్పించే చిప్ భాగాలను అనుమానించాలి. ఈ రెండో సంగతిని చాలామంది మరిచిపోతారు: సేఫ్ మోడ్‌లో త్రీడీ భాగం దాదాపు నిద్రపోతుంది కనుక, సేఫ్ మోడ్ శుభ్రంగా ఉందంటే చిప్ ఆరోగ్యంగా ఉందని రుజువైనట్టు కాదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిచే లినక్స్‌తో చూడటం ఇంకా గట్టి పరీక్ష, ఎందుకంటే అక్కడ డ్రైవర్ పూర్తిగా వేరు. రెండు వేర్వేరు డ్రైవర్లు ఒకే తప్పు చేయడం అరుదు. విండోస్ 10లో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కీలను కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. దాంతో మచ్చలు పోయి, గంట తర్వాత మళ్లీ వస్తే ఆ సంగతి కూడా ఆధారమే. లోపం బ్రౌజర్‌లో మాత్రమే ఉంటే దాని హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడాలి.

చిప్ కిందనో చిప్ లోపలనో అతుకులు పగిలాయని తేలితే ఏం చేయాలన్నది చివరి చిక్కు. ఇది ఊహాజనితమైన జబ్బు కాదు: 2008 జూలైలో ఎన్విడియా తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజింగ్ పదార్థం బలహీనంగా ఉందని ఒప్పుకుని, మరమ్మతుల ఖర్చుకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. ఇలాంటి కార్డును వంటింటి ఓవెన్‌లో కాలిస్తే బాగుపడుతుందన్న చిట్కా ఆ తర్వాత బాగా ప్రచారమైంది. వేడికి పగుళ్లు తాత్కాలికంగా కలుసుకుని కార్డు పనిచేయడం నిజమే, కొన్ని రోజులకో వారాలకో మళ్లీ విడిపోవడమూ నిజమే. ఫైళ్లు కాపీ చేసుకునేంత వ్యవధి దొరకవచ్చేమో గానీ దాన్ని మరమ్మతు అనలేము. పైగా సీసం, ప్లాస్టిక్ ఆవిరి పట్టిన ఓవెన్‌లో మళ్లీ ఆహారం వండకూడదు. డెస్క్‌టాప్ అయితే మరో పాత కార్డు తగిలించడమే తెలివైన పని. పాత గాజు గొట్టం మానిటర్ అయితే మూత తెరవకపోవడమే తెలివి. లోపల 20 వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది, కరెంటు తీసేసిన తర్వాత కూడా కొంత నిలిచి ఉండవచ్చు. ఆ మానిటర్ మూలల్లో రంగు మచ్చలు వస్తే ముందు పక్కనున్న స్పీకర్లను దూరం జరిపి, మెనూలోని డీగాస్ (తెరకు పట్టిన అయస్కాంత ప్రభావాన్ని తీసేసే) బటన్ నొక్కి చూస్తే సరిపోతుంది.

ఈ పరీక్షలన్నిటిలోనూ ఒకసారికి ఒకే మార్పు చేయాలి. కేబుల్ మార్చి, డ్రైవర్ మార్చి, ర్యామ్ తుడిచి ఆన్ చేస్తే తెర బాగుపడవచ్చు, కానీ ఏది బాగుచేసిందో తెలియదు. నెల తర్వాత గీత తిరిగొస్తే మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. కొత్త కేబుల్‌తో చుక్కలు మాయమైనప్పుడు కూడా పని సగమే అయినట్టు. పాత కేబుల్‌ను మళ్లీ తగిలించి చుక్కలు తిరిగి వస్తున్నాయా లేదా అని చూడాలి. వస్తే దోషం ఆ కేబుల్‌దే, దాన్ని పారేయవచ్చు. రాకపోతే కేబుల్‌లో ఏ దోషమూ లేదు, అది ప్లగ్‌లో వదులుగా కూర్చుంది అంతే; అప్పుడు మార్చాల్సింది కేబుల్‌ను కాదు, బిగించాల్సింది దాని రెండు పక్కల స్క్రూలను.